చుక్క తర్వాత

రబ్బరు స్టాంపు గోడకు తగిలి టీపాయ్ కిందికి దొర్లింది.

"దాన్నెవరూ ముట్టుకోకండి," అన్నాడు స్టడీగారు. విసిరింది ఆయనే.

నలభై ఏళ్లుగా కెమెరా వెనక నిలబడి "స్టడీ... స్టడీ..." అంటూ జనాన్ని కదలకుండా కూర్చోబెట్టినందుకు వీధి ఆయనకు పెట్టిన పేరు అది. ఇవాళ ఆయనే ఒకచోట నిలవలేకపోతున్నాడు. ముందుగదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి ముందుగదిలోకి తిరుగుతున్నాడు.

ఆయన భార్య కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదుట ఎవరిదో పాత పెళ్లి ఫోటో. పెళ్లికొడుకు బుగ్గ మీద తెల్ల చుక్క పడింది. కుంచె కొసను రంగులో ముంచి ఆ చుక్కను పూడుస్తోంది. ముప్పై ఏళ్లుగా ఆమె పని అదే. చుక్కలు కనపడకుండా చెయ్యడం.

ఈ రోజు మాత్రం ఒక చుక్క ఆమె చేతికి లొంగడంలేదు.

"అమ్మా, నాన్నకి చెప్పు," అంది కూతురు. "స్టాంపు చేయించింది నేనే. కాదనడంలేదు. మూడొందల ఫోటోల వెనక గబగబా కొట్టింది నేను కాదు."

"ఏమండీ, అది..."

"వినపడింది. స్టాంపు చేయించింది ఎందుకో కనుక్కో. నుదుటి మీద కొట్టుకోవడానికా?"

ముగ్గురూ ఒకే గదిలో ఉన్నారు. తండ్రికీ కూతురికీ మధ్య ఉన్న దూరం ఆరడుగులు. పొద్దున హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసినప్పటి నుంచి ఆ ఆరడుగులూ మాటలు తల్లి మీదుగానే వెళ్తున్నాయి.

ఫోన్ సంగతి ఇది. స్కూలు గ్రూప్ ఫోటోలు నిన్న సాయంత్రం ఇచ్చి వచ్చారు. ప్రతి ఫోటో వెనకా కొత్త స్టాంపు ఉంది. స్టూడియో పేరు, ఒక చుక్క, చుక్క తర్వాత కామ్. మరిన్ని ఫోటోలు కావాలంటే ఇందులో చూసుకోండని పిల్లలకు చెప్పారు. రాత్రి ఇళ్లలో తల్లిదండ్రులు చూసుకున్నారు. స్టూడియో కనపడలేదు. ఒక చెయ్యి కనపడింది.

"మీ వెబ్‌సైట్‌లో చెయ్యి ఉందేమిటండీ?" అని అడిగింది హెడ్‌మిస్ట్రెస్. "మా పిల్లలేరీ?"

డాట్ కామ్ ఇంకెవరో ఎప్పుడో తీసేసుకున్నారు. స్టాంపు చేయించాక, ఫోటోలు చేరవేశాక, తీరుబడిగా పేరు కొనడానికి కూర్చుంటే తెలిసింది.

"ముందు పేరు దొరుకుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాత కదండీ స్టాంపు," అన్నాడు మూల కుర్చీలో కూర్చున్న స్టాంపులాయన. ఈ ఇంటికి మూడు తరాల స్టాంపులు ఆయన షాపులోనే తయారయ్యాయి. కబురు పెడితే వచ్చాడు. వచ్చి గంటయింది.

"ఈ ఇంట్లో ముందు స్టాంపేనయ్యా," అన్నాడు స్టడీగారు. అంత కోపంలోనూ ఆ మాట కాస్త గర్వంగానే వచ్చింది.

ఆమె మామగారి, అంటే స్టడీగారి తండ్రి నాటి పద్ధతి అది. షాపు మారినా, ఫోన్ నంబరు మారినా ముందు స్టాంపు. ఆ తర్వాత బోర్డు. ఆ తర్వాత కార్డులు. కొత్త స్టాంపు మొదటి ముద్ర ఆయన తన అరచేతి మీద వేసుకునేవాడు. రెండు రోజులు ఆ చెయ్యి సరిగ్గా కడుక్కునేవాడు కాదు. మొన్న స్టడీగారు కూడా అరచేతి మీద కొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ చేతిని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు స్టాంపులాయన. "ఏడింటికి మిషన్ ఆపేస్తాను. ఆలోగా తోక ఏదో తేల్చండి, చేసిచ్చేస్తా. పొద్దున పెద్ద క్లాసుల ఫోటోలు ఇవ్వాలంటున్నారు కదా."

డాట్ తర్వాత వచ్చేదాన్ని ఈ ఇంట్లో తోక అనడం ఆయనతోనే మొదలయింది. గంటలో అందరికీ అలవాటయింది.

"తోకలకేం కరువు లేదు," అంది కూతురు, లాప్‌టాప్ తెరిచి. చిన్నప్పుడే ఆమెకు ఫ్లాష్ అని పేరు పడింది. వెలిగిందంటే ఎదుటివాళ్ల కళ్లు బైర్లు కమ్మాల్సిందే. మళ్లీ వెలగడానికి మాత్రం కాస్త టైం పడుతుంది. "డాట్ ఫోటో ఉంది. డాట్ ఫోటోగ్రఫీ ఉంది. డాట్ స్టూడియో ఉంది. దేశం పేరుతో రెండక్షరాల తోక ఉంది. అమ్మా, డాట్ స్టూడియో అయితే మనం ఏం చేస్తామో పేరులోనే తెలుస్తుంది. అవునా?"

"అవును," అంది తల్లి. ఆమెకు అది సబబుగానే తోచింది.

"స్టూడియో ఎక్కడుందని?" అన్నాడు స్టడీగారు వంటింటి గుమ్మంలోంచి. "నెలాఖరుకి రోడ్డు వెడల్పు చేస్తామంటూ సగం షాపు కొట్టేస్తున్నారు. మేడ మీది గదిలోకి పోతున్నాం. లేని స్టూడియోకి తోకొకటా?"

"అదీ నిజమే," అంది తల్లి.

"అమ్మా! నువ్వు ఎవరి వైపు?"

"చివర మాట్లాడినవాళ్ల వైపు," అన్నాడు స్టాంపులాయన. ఎవరూ నవ్వలేదు.

"మేడ మీద గదికి బోర్డు పెట్టుకోలేం కనకే వెబ్‌సైట్ అంటున్నాను," అంది ఫ్లాష్. "రేపట్నుంచి అదే బోర్డు, అదే వీధి, అదే గుమ్మం. సరే, స్టూడియో వద్దు. డాట్ ఫోటోగ్రఫీ."

"ఎంత పొడుగుంటుంది?" అన్నాడు స్టాంపులాయన. జేబులోంచి స్కేలు తీసి గాలిలో కొలిచాడు. "లైనులో పట్టదమ్మా. పట్టించానంటే అక్షరాలు చీమల్లా వస్తాయి. అది తప్పుల్లేకుండా టైపు చేసేవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉంటారు?"

"అయితే డాట్ ఫోటో. పొట్టిది. తేలిక."

"బాగుంది," అన్నాడు స్టాంపులాయన. జేబులోంచి చీటీ తీసి రాసుకున్నాడు. రాసింది చదివాడు. "మీ పేరు, డాట్ ఫోటో, డాట్ కామ్. అంతేగా?"

ఫ్లాష్ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి.

"ఏం, తప్పు చెప్పానా?"

"కామ్ ఉండదండీ," అంది ఫ్లాష్ మెల్లిగా. "ఫోటోతో అయిపోతుంది."

"చివర కామ్ లేకపోతే అది వెబ్‌సైట్ ఎలా అవుతుందమ్మా?"

స్టడీగారు ఆ మాట కోసమే కాచుకున్నట్టు గదిలోకి వచ్చాడు. "చూశావా? ఏ తోకైనా పెట్టు. జనం పోయేది డాట్ కామ్‌కే. మన ఫోటో చూసి, మన పేరు చదివి, తిన్నగా పోయి వాడి చెయ్యి చూసుకుంటారు."

ఇది భార్యకు చెప్పమని కాదు. పొద్దుట్నుంచి ఆయన కూతురితో నేరుగా అన్న మొదటి మాట. కూతురు కూడా గమనించింది. తలెత్తింది. ఆయన వెంటనే బల్ల దగ్గరికి నడిచి, భార్య ముందున్న పాత పెళ్లి ఫోటోను వెనక్కి తిప్పాడు.

వెనక వంగపండు రంగు స్టాంపు. మామగారి పేరు, పాత వీధి పేరు, ఒక నంబరు.

"యాభై ఏళ్ల కిందటి ముద్ర," అన్నాడు. "ఈ ఫోటో తెచ్చినతను ఇది చూసుకుని వెతుక్కుంటూ వచ్చాడు. ఆ వీధి లేదు, ఆ షాపు లేదు, ఫోటోలో ఉన్నవాళ్లూ లేరు. అయినా వచ్చాడు. నువ్వు చెప్పే డాట్ ఫోటో యాభై ఏళ్లు ఉంటుందా? అది చెప్పు. పెట్టేస్తా."



"కొంటే మనదే కదా, ఎందుకుండదు?" అంది తల్లి.

"పూర్తిగా కొనడం ఉండదమ్మా. ఏడాదికోసారి మళ్లీ రాయించుకోవాలి. మర్చిపోయామంటే ఇంకొకరు పట్టుకుపోతారు."

"మరి ఫోటోల వెనక పడ్డ ముద్ర? అది ఏడాదికోసారి చెరిపి వెయ్యాలా?"

ఆమె నిజంగానే అడిగింది. కానీ కూతురు అది వెటకారం అనుకుంది. "నువ్వు కూడా మొదలెట్టు," అని లాప్‌టాప్‌ను తల్లి వైపు తిప్పింది. "ఇదిగో, నువ్వే చూడు. పేరు పట్టుకుని కూర్చున్నవాళ్ల పేజీ ఇది. ఫోన్ నంబరు లేదు, ఊరు లేదు. ఓనరు వివరాలు దాచారు. ఒక మెయిల్ పంపాను, ఉలుకూ పలుకూ లేదు. ఉన్నదల్లా ఈ ఒక్క ఫోటో."

తల్లి కళ్లజోడు సర్దుకుంది.

కిటికీ. కిటికీ కింద బల్ల. బల్ల మీద రంగుల డబ్బా మూత తెరిచి ఉంది. కుంచె పట్టుకున్న చెయ్యి. మణికట్టు దగ్గర ఫోటో ఆగిపోయింది. మనిషి లేదు.

చిటికెన వేలు బయటికి వంగి ఉంది.

ఆమె చూపు తెర మీంచి తన చేతి మీదికి దిగింది. కుంచె ఇంకా పట్టుకునే ఉంది. చిటికెన వేలు అలాగే ఉంది. చిన్నప్పుడు తలుపు సందులో పడి వంగిన వేలు. మెల్లగా పిడికిలి బిగించి ఒళ్లో పెట్టుకుంది.

"మీరూ ఒకసారి చూడండి," అంది మొగుడితో.

"పరాయివాడి పేజీ నేనెందుకు చూడాలి?" అని ఆయన తల తిప్పుకున్నాడు. "మా నాన్న పేరు పెట్టుకునే హక్కు బయటివాడికి ఎక్కడిది?"

అనేశాక ఆయనే ఆగిపోయాడు.

ఆ పేరు పెట్టుకునే హక్కు ఆయనకు కాక ఇంకొక్కరికే ఉంది. గదిలో అందరికీ ఆ మనిషే గుర్తుకొచ్చాడు. ఎనిమిదేళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ పేరెత్తని ఆయన తమ్ముడు. స్టాంపులాయన స్కేలు జేబులో పెట్టుకుని, సీలింగ్ ఫాన్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"బట్టలు ఆరాయేమో చూసొస్తా," అంది ఆమె. రంగుల డబ్బా కూడా పట్టుకెళ్లడం ఎవరూ గమనించలేదు.

డాబా మీద దుప్పట్లు రెండు ఆరుతున్నాయి. వాటి వెనక నిలబడి డబ్బా మూత తిప్పి చూసింది. మూత లోపల పెన్సిల్‌తో రాసిన నంబరు ఉంది. మరిది ఇల్లు వదిలి వెళ్లిన సాయంత్రం అతనే రాసిపెట్టింది. "అవసరమైతే చెయ్యి వదినా," అన్నాడు. ఎనిమిదేళ్లలో ఆమెకు అవసరాలు చాలా వచ్చాయి. ఫోన్ చేస్తే మొగుడి మాట దాటినట్టవుతుందని చెయ్యలేదు. చెయ్యకపోవడం మరిది మాట దాటడమని ఇప్పుడు అనిపించింది. ఏది తప్పో ఆమెకు అర్థం కాలేదు. నడుముకు దోపుకున్న ఫోన్ తీసి నంబరు నొక్కింది.

"వదినా," అన్నాడు అవతలి నుంచి. హలో అనలేదు.

"నేనేనని ఎలా తెలుసు?"

"నీ నంబరు నా దగ్గర ఉండదా? చెయ్యి పోల్చావా?"

"వేలు పోల్చాను."

"అన్నయ్య?"

"చూడనన్నారు."

అతను నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం ఉందో లేదో ఆమెకు తెలియలేదు.

"ఎందుకు తీసుకున్నావయ్యా ఆ పేరు? మాకు అడ్డం పెట్టడానికా?"

"అడ్డమా! ఎనిమిదేళ్ల కిందట ఎవరికీ పట్టలేదు, ఎవరో ఒకరు ఎగరేసుకుపోతారని నేను పట్టి ఉంచాను. ఏటేటా మర్చిపోకుండా రాయిస్తున్నాను. అన్నయ్యకు ఎప్పటికైనా కావాల్సి వస్తుందని తెలుసు. ఇంత ఆలస్యమవుతుందని తెలియదు."

"మరి పిల్ల మెయిల్ పంపితే పలకలేదట."

"ఎవరండీ మీరు అని రాసింది, వదినా. నా ఒళ్లో కూర్చుని కెమెరా పట్టడం నేర్చుకున్న పిల్ల. ఏమని జవాబు రాయను?"

"అది నువ్వని దానికెలా తెలుస్తుంది? పేరు దాచుకుంటివి."

 ఎక్కడో స్కూటర్ పోయిన చప్పుడు ఫోన్‌లో వినపడింది.

"నా చెయ్యే దొరికిందా పెట్టడానికి?" అంది ఆమె.

"మన స్టూడియో ఫోటోల మీద నాన్న చేతి కంటే, అన్నయ్య చేతి కంటే, నా చేతి కంటే ఎక్కువ పడ్డది నీ చెయ్యే. ఇంకేం పెట్టను?"

ఆమె దుప్పటి అంచు పట్టుకుంది. తడి ఆరలేదు.

"ఇచ్చెయ్యి," అంది చివరికి. "కింద స్టాంపులాయన కూర్చున్నాడు. ఏడింటికి మిషన్ ఆపేస్తాడట."

"ఇస్తాను. ఇవాళే ఇస్తాను. ఒక్క షరతు."

"ఏమిటి? మీ అన్నయ్య వచ్చి అడగాలా?"

"వద్దు. ఆయన అడగడు, నేను ఎదురుచూడను. స్కూలు ఫోటోలు ఎవరు తీశారు?"

"పిల్లే. ఈ మధ్య అన్నీ అదే తీస్తోంది. ఆయనకు చూపు ఆనడంలేదు. ఒప్పుకోరనుకో."

"అయితే స్టాంపులో స్టూడియో పేరు కింద దాని పేరు ఉండాలి. తీసింది ఫలానా అని. అంతే నా షరతు."



ఎనిమిదేళ్ల కిందట ఒక పత్రిక వాళ్లు అడిగితే, మరిది తాను తీసిన ఫోటో ఒకటి పంపబోయాడు. స్టూడియో స్టాంపు కింద పెన్నుతో తన పేరు రాసుకున్నాడు. స్టడీగారు దాని మీద నల్ల ఇంకు పూసి, ఫోటో తమ్ముడి చేతికిచ్చాడు. "ఈ ఇంట్లో ఫోటో తీసేది స్టూడియో. మనిషి కాదు," అన్నాడు. మరిది ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు. ఇంకు ఆరే వరకు కూడా ఆగలేదు.

"అది జరిగే పని కాదయ్యా," అంది.

"జరగదంటే డాట్ ఫోటో పెట్టుకోండి. మంచి తోకే," అన్నాడు. "నేను పేరు ఎవరికీ అమ్మను వదినా, భయపడకు. అలాగే ఉంచుతాను. చెయ్యీ ఉంటుంది."

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె దుప్పట్ల మధ్యే నిలబడింది. ఇది బెదిరింపా? దీవెనా? కూతురికి మేలు చేస్తున్నాడా, అన్న మీద కసి తీర్చుకుంటున్నాడా? పోనీ మొగుడికి చెప్పకుండా స్టాంపు చేయిస్తే? రేపు పొద్దున స్టాంపు కొట్టేది ఆయనే. ముద్ర ముందు ఆయన అరచేతి మీదే పడుతుంది.

కూతురు తన పేరు కావాలని ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం అక్కర్లేకా, బాబాయ్‌కి జరిగింది చూసి భయపడా? ఆమె ఎప్పుడూ కనుక్కోలేదు. మెట్లు దిగుతూ ఆలోచిస్తే, తనని కూడా ఎవరూ కనుక్కోలేదని తట్టింది. ఆ ఆలోచన ఎటు పోతుందో తెలియక అక్కడే వదిలేసి ముందుగదిలోకి వచ్చింది.

ఫ్లాష్ లేదు. వంటింట్లో గిన్నెలు చప్పుడవుతున్నాయి. స్టాంపులాయన గడియారం చూసుకుంటున్నాడు. ఆరు దాటి ఇరవై నిమిషాలు.

బల్ల ముందు ఆమె కుర్చీలో స్టడీగారు కూర్చుని ఉన్నాడు. లాప్‌టాప్ ఆయన వైపు తిరిగి ఉంది. ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగి చూస్తున్నాడు. అరచేతి మీద డాట్ కామ్ ఇంకా నీలంగానే ఉంది.

ఆమె వచ్చిన అలికిడి విని కూడా తల తిప్పలేదు.

"కిటికీ వెలుతురు సరిగ్గా పట్టాడు," అన్నాడు. గొంతు ఆమెకు కొత్తగా వినపడింది. "బట్టలేవి?"

ఆమె చేతులు చూసుకుంది. బట్టలు లేవు. రంగుల డబ్బా ఒక్కటే ఉంది.

"ఆరలేదు," అంది.

ఆయన డబ్బా వైపు చూశాడు. తెర మీది డబ్బా వైపు చూశాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఫ్లాష్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మా," అన్నాడు స్టాంపులాయన, కుర్చీలోంచి లేస్తూ. "మీరైనా తేల్చండి. ఈ తండ్రీ కూతుళ్లతో నా వల్ల కాదు. తోక ఏది?"

ఆమె వంగి టీపాయ్ కింద పడి ఉన్న స్టాంపు తీసింది. ఎవరూ ముట్టుకోవద్దన్న స్టాంపు. దుమ్ము తుడిచి, రబ్బరు మీది అక్షరాలను చిటికెన వేలితో తడిమింది.

"ఇందులో పేరు కింద రెండో లైను పడుతుందా?" అంది.

"ఎందుకు పట్టదు, పడుతుంది," అన్నాడాయన, చీటీ తీస్తూ. "రెండో లైన్లో ఏం రాయాలి?"

స్టడీగారు లాప్‌టాప్ మీంచి తలెత్తాడు.